కడుగు నీళ్ళు

మందాయనకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. దోమల మందు పనిచెయ్యడం లేదని ఎవరైనా నోరు జారితే చాలు, వీపు మీది పంపు దించకుండానే మీదికి వెళ్ళేవాడు. "ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. నా పెళ్ళాం మొహం కన్నా ఈ పంపు మొహమే ఎక్కువ చూశాను. నాకు చెప్పొచ్చావా నువ్వు?" అని దులిపేసేవాడు. "తెల్లారగానే మందు కొట్టే మొగుడు దొరికాడు నాకు" అని వాళ్ళావిడ పక్కింటివాళ్ళ దగ్గర పరాచికాలాడితే పడీపడీ నవ్వేవాడు కూడా. ఆ నవ్వడం, ఆ దులపడం ఇప్పుడు లేవు. అవి గిలక్కాయ బతికున్నప్పటి మాటలు.

గిలక్కాయ ఆయన మేనకోడలు. చెల్లెలికి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళది. పక్క మీంచి లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని ఆ పేరు పెట్టింది ఆయనే. పగటిపూట కుట్టే దోమ అంటించే జ్వరం వచ్చింది దానికి. ఇంటింటికీ తిరిగి జాగ్రత్త, జాగ్రత్త అని ఆయన మొత్తుకునే జ్వరమే. మూడు రోజులు ఇంట్లో ఉంది, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆరో రోజు మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి పిల్ల ఇక లేదన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఈ పెద్దమనిషి చేసిన నిర్వాకం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. చెప్పకపోతే కథే లేదు కనుక చెబుతున్నాను. చెల్లెలు గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్ల చెప్పులు. పక్కన ఆమె భర్త, చుట్టూ వాళ్ళ సందులోవాళ్ళు ఓ పదిమంది. మందాయన ముందురోజే పిల్ల బట్టలు తేవడానికి వాళ్ళింటికి వెళ్ళి, పెరట్లో నీళ్ళ డ్రమ్ములోకి తొంగి చూశాడు. డ్రమ్ము నిండా దోమపిల్లలు గిరికీలు కొడుతున్నాయి. చూసింది కడుపులో పెట్టుకుని ఊరుకోవచ్చా లేదా? ఊరుకోలేదు. "మూత పెట్టమని వెయ్యిసార్లు చెప్పానా లేదా? ఊరందరికీ చెప్పాను, నా సొంత చెల్లెలికి చెవికెక్కలేదు! చేజేతులా పిల్లని పోగొట్టుకున్నావు కదే!" అని వరండా అదిరిపోయేలా అరిచాడు.

చెల్లెలు తలెత్తి ఆయన్ను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. మళ్ళీ తల దించుకుని చెప్పుల పట్టీలు సవరిస్తూ కూర్చుంది.

ఇదే మాట ఇంకెవరైనా అని ఉంటే ఏడుపులో ఏదో అన్నార్లే అని వదిలేసేవాళ్ళు. అన్నది మందాయన! దోమల విషయంలో ఆయన మాటంటే ఆ చుట్టుపక్కల తీర్పే. ఆ రోజు నుంచి కుళాయి దగ్గర ఆమె కనబడగానే ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ప్రింటింగు ప్రెస్సులో పనిచేసే మొగుడు ఇంటికొస్తాడు, పెట్టింది తింటాడు, గోడవైపు తిరిగి పడుకుంటాడు, నోరు తెరిచి ఒక్క మాట అనడు. ఆమె డ్రమ్ము ఎవరికో ఇచ్చేసింది. రోజుకు పద్దెనిమిది బకెట్లు కుళాయి నుంచి మోసుకొచ్చి, పొద్దు వాలేలోపు మిగిలిన ప్రతి చుక్కా పారబోస్తుంది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి, తీసుకున్న గుడ్డలన్నీ తిరిగిచ్చేసి మిషను మీద దుప్పటి కప్పేసింది.

మందాయన వెళితే తలుపు తీస్తుంది, మంచినీళ్ళిస్తుంది. "అన్నయ్యా" అని మాత్రం పిలవదు. తను అన్నదాంట్లో తప్పు లేదు, కాస్త గట్టిగా అన్నాడంతే అని ఆయన తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. డ్రమ్ములో పురుగుల్ని కళ్ళారా చూశాడాయె!

ఈలోగా ఆ సందులోనే మరో ముగ్గురు పిల్లలు జ్వరంతో పడ్డారు. అదృష్టం బాగుండి తేరుకున్నారు. పదకొండు ఇళ్ళ సందులో నలుగురికి రావడమేమిటని పై ఆఫీసువాళ్ళు ఒకామెను పంపారు. ల్యాబులో దోమల్ని పెంచి, వాటి మీద మందులు పరీక్షించే మనిషి. గాజు గొట్టానికి రబ్బరు పైపు తగిలించి, పైపు కొస నోట్లో పెట్టుకుని, గోడ మీద వాలిన దోమను చటుక్కున గొట్టంలోకి పీల్చేది. నోట్లోకి పోకుండా మధ్యలో చిన్న జాలీ ఉంటుంది. "పొరపాటున ఒకటి మింగితేనో అమ్మా?" అని ఎవరో అడిగితే, "ఆ పూటకి వంట పని తప్పుతుంది" అందామె. ఆ దెబ్బతో అందరికీ దోమలమ్మ అయిపోయింది.

ఆమెకు దారి చూపించడానికి మందాయన్ను వెంట పంపారు. ఈ సందులో ఈమెకు ఏం దొరుకుతాయిలే అనుకుంటూనే నడిచాడు. ఆ ధీమాకు కారణం ఉంది, అది ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

రోజు పని అయ్యాక పంపు ట్యాంకును నీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆ కడుగు నీళ్ళు డిపోలో తవ్విన గోతిలో పారబోయాలి. అది రూలు. ఆ రూలంటే మందాయనకు ఒళ్ళుమంట. తెల్లగా పాలనీళ్ళలా ఉంటాయి, ఎంతో కొంత మందు ఉన్నట్టే కదా, మట్టిలో పోస్తే ఎవడికి లాభం? అందుకని కడుగు నీళ్ళు ట్యాంకులోనే ఉంచుకుని, ఇంటికి వెళ్ళే దారిలో చెల్లెలి సందులోకి మళ్ళేవాడు. పదకొండు ఇళ్ళ వీధివైపు గోడలకూ అరుగులకూ మెట్ల కిందా కొట్టుకుంటూ పోయి, ఆఖరి చుక్కలు చెల్లెలి కిటికీ దగ్గర దులిపేవాడు. గిలక్కాయ పుట్టిన ఏడాది మొదలుపెట్టాడు. మిగతా వీధులకు నెలకోసారి మందు పడితే ఆ సందుకు వారానికి నాలుగుసార్లు పడేది. ఎంత ప్రేమ ఉంటే ఆ బరువు వీపునేసుకుని మనిషి అంత దూరం చుట్టు తిరిగి వెళతాడు, మీరే చెప్పండి.

పంపు చప్పుడు వినబడితే చాలు, పిల్ల గేటు పట్టుకుని వేలాడేది.

"మావయ్యా, నిన్ను చూస్తే దోమలు ఏమంటాయి?"

"బాబోయ్ వీడొచ్చాడు, మూటాముల్లె సర్దండి అంటాయి."

"మరి పిల్లదోమలో?"

"అమ్మా అని ఏడుస్తాయి."

"అయ్యో, పాపం మావయ్యా!"

"పాపమేంటే? నిన్ను కుట్టేవాటి మీద నీకు జాలేంటి?" అని గదమాయించేవాడు. అది ముక్కు మూసుకుని, వేళ్ళ సందులోంచి చూస్తూ, ఆయన వెళ్ళేదాకా గేటు దిగేది కాదు.

దోమలమ్మ రెండు రోజులు సందంతా గాలించింది. పెద్ద దోమల్ని పట్టింది, తొట్లలోంచి, పగిలిన కుండీల్లోంచి దోమపిల్లల్ని సీసాల్లోకి తోడుకుంది. వాటిని ల్యాబులో పెట్టి రెక్కలొచ్చేదాకా పెంచింది. పరీక్ష రోజున మందాయన పనిగట్టుకుని వెళ్ళాడు. "నా మందు సంగతేంటో నేను కళ్ళతో చూడాలమ్మా. కాయితాలు నమ్మను" అన్నాడు. "చూడండి, కానీ ఏదీ ముట్టుకోకండి" అందామె.

గొట్టాల్లో మందు పూసిన కాగితాలు చుట్టి పెట్టింది. ఒక్కో గొట్టంలో పాతిక దోమలు. మూడు రకాలవి, రకానికి వంద. మొదటివి ల్యాబులోనే పుట్టి పెరిగినవి, మందు వాసనే ఎరగనివి. రెండోవి మార్కెట్టు వెనక వీధివి. మూడోవి చెల్లెలి సందువి. గంటసేపు అలా ఉంచింది. మందాయన స్టూలు మీద ముందుకు వంగి, కన్నార్పకుండా చూశాడు. ల్యాబు దోమలు పావుగంటలోనే రాలిపోయాయి. వీధి దోమలు కాస్త ఆలస్యంగా రాలాయి. సందు దోమలు చాలాసేపు మొండికేసి, గంట అయ్యేసరికి అవీ సగానికి పైగా వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి.

"చూశావా అమ్మా! పడిపోయాయి" అన్నాడు, ఛాతీ పొంగించి.

"పడటం వేరు, చావడం వేరు" అంటూ ఆమె వాటన్నిటినీ మందు లేని గొట్టాల్లోకి మార్చి, పైన చక్కెర నీళ్ళలో తడిపిన దూది పెట్టింది. "రేపు ఇదే వేళకి లెక్కపెడదాం. లెక్క అప్పుడే."

మర్నాడు పదకొండింటికల్లా వచ్చి కూర్చున్నాడు. ల్యాబు దోమలు వందకు వంద చచ్చాయి. మార్కెట్టు వీధివి ఎనభై రెండు చచ్చాయి. మూడో వరస గొట్టాల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నిన్న వెల్లకిలా పడినవి లేచి కూర్చున్నాయి. గాజు గోడల మీద పాకుతున్నాయి. దూది మీద వాలి హాయిగా చక్కెర నీళ్ళు తాగుతున్నాయి. దోమలమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. చచ్చినవి ముప్ఫై నాలుగు.

"ఇంత మొండివాటిని నేనింతవరకూ చూడలేదు. వీటికి మందు అలవాటైపోయింది" అందామె పెన్ను నుదుటికి కొట్టుకుంటూ. "ఎవరో వీటికి మానకుండా కొద్దికొద్దిగా పట్టించారు."

"కొద్దికొద్దిగా అంటే?"

"సరైన పాళ్ళలో కొడితే చాలావరకు చస్తాయి. అదే బాగా పల్చన చేసి కొడితే బలహీనమైనవే చస్తాయి. మొండివి మిగిలి, మొండివాటితోనే జతకట్టి గుడ్లు పెడతాయి. వాటికి పుట్టేవి ఇంకా మొండివి. ఏడాదికి ఎన్నో తరాలు. మందు కొట్టిన లెక్కల కార్డు చూస్తే ఆ సందుకీ అన్నిటితో పాటే నెలకోసారి కొట్టినట్టుంది. మరి ఇదెలా వచ్చిందో నాకు అంతుపట్టడం లేదు."

 మందాయన అప్పుడే మాట్లాడకుండా లేచి వచ్చేసి ఉంటే ఈ సంగతి ఆయనతోనే పోయేది. కానీ ఆ మనిషికి తెలుసుకోకుండా ఉండటం చేతకాలేదు.

"ట్యాంకు కడిగిన నీళ్ళు కొడితే?"

"అంతకన్నా పాడు పని ఇంకోటుండదు. ఎవరు..." అంటూ తలెత్తి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది. "ఎన్నాళ్ళు?"

"ఏడేళ్ళు."

 ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఒక్క మాట వినండి" అంది మెల్లగా. "మీ మేనకోడల్ని కుట్టిన దోమ మీ నీళ్ళ వల్లే బతికిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మందు అన్నిచోట్లా పట్టు తప్పుతోంది. మార్కెట్టు వీధివీ పద్దెనిమిది బతికాయి కదా."

"ఆ సందువో?"

ఆమె మూడో వరస గొట్టాల వైపు చూసింది.

"అరవై ఆరు" అన్నాడు ఆయనే.

రిపోర్టులో ఆయన ఊసెత్తనని, ఆ సందుకు అదనంగా మందు పడిందని మాత్రం రాస్తానని, ఇక మీద అక్కడ వేరే మందు వాడిస్తానని ఆమె చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపి బయటపడ్డాడు. డిపో మలుపు దాటేదాకా బాగానే నడిచాడు. అక్కడ, ఆసుపత్రి వరండాలో తను అరిచిన అరుపు ఉన్నట్టుండి చెవుల్లో మోగింది. డ్రమ్ములో పుట్టినవి పుట్టాయి, అవి గోడ మీద వాలి చావాల్సినవి. చావకుండా సాకింది తను. ఏడేళ్ళు, వారానికి నాలుగుసార్లు, పిల్ల కిటికీ కింద నిలబడి మరీ సాకాడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా వేసుకుని, నడిరోడ్డు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "పట్టపగలే వేసుకున్నట్టున్నాడు" అని ఎవరో నవ్వుకుంటూ పోయారు.

మూడు రోజులు డ్యూటీకి వెళ్ళలేదు. వాళ్ళావిడ ఏమైందని అడిగితే నడుం నొప్పన్నాడు. చెబితే చెల్లెలు ఇక జన్మలో తన మొహం చూడదు. ఉన్నదే ఒక్క చెల్లెలు, అమ్మానాన్నా పోయాక చేతుల మీద పెంచుకున్నది. చెప్పకపోతే ఆమె బతికినన్నాళ్ళూ బకెట్లు మోస్తూ, పారబోస్తూ ఉంటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

చెల్లెలు వంటింటి గడప దగ్గర కూర్చుని ఖాళీ బకెట్లు గుడ్డతో తుడుస్తోంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కడుగు నీళ్ళ సంగతి, గోతి సంగతి, గాజు గొట్టాల్లో లేచి కూర్చున్న దోమల సంగతి, ముప్ఫై నాలుగు సంగతి.  ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"తెలిసి చేశావా?" అంది అంతా విని.

"ఒట్టమ్మా, తెలీదు. మేలు చేస్తున్నాననుకున్నాను."

"నేను కూడా తెలిసి చెయ్యలేదు, అన్నయ్యా."

ఇన్నాళ్ళకు పిలిచింది. 

"తెలిసి చేశావా అని ఇప్పుడు నేను నిన్ను అడిగాను చూడు" అంది ఆమె. "ఆ రోజు అంతమందిలో నువ్వు నన్ను ఆ ఒక్క ముక్క అడిగావా?"

ఆయన టపటపా చెంపలు వాయించుకున్నాడు. "తప్పయిపోయింది తల్లీ. నోరు కాదు నాది. నీ తప్పేం లేదు, అంతా నాదే. ఎవరి ముందు అన్నానో వాళ్ళందరికీ ఇంటింటికీ వెళ్ళి చెబుతాను. బావకి కూడా నేనే చెబుతాను."

"బావకి చెప్పక్కర్లేదు" అని పెరటి గుమ్మంలోంచి మాట వచ్చింది. "బావ వింటూనే ఉన్నాడు."

ఆమె భర్త ఆ పూట పనికి వెళ్ళలేదని మందాయనకు తెలియదు. గోళ్ళలో ప్రెస్సు సిరా ఇంకా అలాగే ఉంది. లోపలికొచ్చి, వాళ్ళిద్దరికీ కాస్త ఎడంగా నేల మీద చతికిలపడ్డాడు. ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడాడు.

"డ్రమ్ము మూత పగిలి నెలన్నర అయింది బావా. కొత్తది తెమ్మని తను రోజూ చెప్పింది. రేపు తెస్తా, రేపు తెస్తా అన్నాను. బండి మీద రెండు నిమిషాల దూరం. చూసి చూసి తనే దుప్పటి కప్పి తాడు కట్టుకుంది. వరండాలో నువ్వు అరిచినప్పుడు నా వైపు చూసింది. ఆ తప్పు నాది అని నేను అప్పుడే అనాల్సింది. నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఇక ఏ మొహం పెట్టుకుని మాట్లాడను తనతో?"

 బావ కోపంతో ఆమెతో మాట్లాడటం లేదనుకున్నాడు మందాయన ఇన్నాళ్ళూ. అందరూ అదే అనుకున్నారు.

"ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదే?" అన్నాడు చెల్లెలితో.

"చెబితే ఏమయ్యేది? నన్ను వదిలేసి ఆయన మీద పడేవాడివి" అంది ఆమె.

"అది కాదమ్మా. మూత తేనిది బావ, దోమల్ని పెంచింది నేను. మధ్యలో నువ్వేం చేశావు? నీ మీద ఈగంత తప్పు లేదు. ఇకనైనా ఆ బకెట్లు మొయ్యడం మాను."

"మీ అన్నయ్య కూడా చెబుతున్నాడు కదా" అని భర్త దీనంగా అన్నాడు. "మానెయ్, నీకు పుణ్యముంటుంది."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్ళలో తడి లేదు, ఎప్పుడో ఇంకిపోయింది.

"దుప్పటి జారిపోయి ఉండటం నేను చూశాను" అంది. "జ్వరానికి పది రోజుల ముందు. మిషను మీద ఉన్నాను. నలభై గౌన్లు ఇవ్వాల్సి ఉంది. ఈ గౌను చెయ్యి కుట్టడం అయ్యాక కడదాంలే అనుకున్నాను. మర్చిపోయాను."

మందాయన ఏదో అనబోయాడు. ఆమె చేత్తోనే వారించింది.

"నువ్వొచ్చి నాకు చెప్పుకున్నావు. ఆయనా చెప్పుకున్నారు. మీ ఇద్దరికీ చెప్పుకోవడానికి నేనున్నాను. నేను దానికి చెప్పుకోవాలి అన్నయ్యా. అదేదీ?"